ఇస్రో గేటుకు బీటెక్ ఒక్కటే తొవ్వ గాదు

కంప్యూటర్ సైన్స్ సీటు కోసం ఎకరం అమ్మేటోళ్లు మన ఊర్లల్ల మస్తుమంది. సీటొస్తె కొలువొచ్చినట్టేనని ఎవలు చెప్పిండ్రో!

జర ఇటు సూడుండ్రి. పది పాసై, ఫిట్టర్ లాంటి ట్రేడుల ఐటీఐ చేసినోళ్లను ఇస్రో టెక్నీషియన్-బి కొలువులకు తీసుకుంటది. ఫస్ట్ క్లాస్ డిప్లొమా ఉంటె టెక్నికల్ అసిస్టెంట్‌కు రాయొచ్చు. పోటీ గట్టిగనే ఉంటది, పోస్టులు తక్కువ. గందుకే ఒక్క ఇస్రో మీదనే ఆశ పెట్టుకోవద్దు. హైదరాబాద్‌ల మిధాని, బీడీఎల్ సుత ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగ తీసుకుంటయి.

పాలిసెట్ రాసి మూడేండ్ల డిప్లొమా చేసినోళ్లు ఈసెట్‌తోని బీటెక్ రెండో ఏడుల నేరుగ చేరొచ్చు. ఐటీఐ, డిప్లొమా అంటె మొద్దుల సదువని ఎక్కిరించేటోళ్లకు ఈ లెక్క తెల్వదు.

చేరే ముందుగాల ఐటీఐకి ఎన్‌సీవీటీ గుర్తింపు ఉన్నదా అడుగుండ్రి. వర్క్‌షాపులకు పోయి సూడుండ్రి, మిషన్లు తిరుగుతున్నయా, తుప్పు పట్టినయా.