వార్తల్లో పదం: సూడోట్యూమర్

స్కానింగ్‌లో అచ్చం క్యాన్సర్ గడ్డలా కనిపించినా, నిజానికి శరీరంలోని వాపు ప్రక్రియ వల్ల ఏర్పడే ముద్దను ఇన్‌ఫ్లమేటరీ సూడోట్యూమర్ అంటారు. ఊపిరితిత్తులు, కంటి గుంత, కాలేయం వంటి చోట్ల ఇది రావచ్చు.

ఎలా పుడుతుంది?
క్రిమి సోకినా, కణజాలం దెబ్బతిన్నా శరీరం రక్షణ కణాలను అక్కడికి పంపుతుంది. పని ముగిసినా లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు వెనుదిరగకుండా పేరుకుపోయి, చుట్టూ నారపోగులు అల్లుకుంటే గడ్డ కడుతుంది. కొన్నింటికి ఐజీజీ4 సంబంధిత వ్యాధి మూలం. అవి చాలావరకు స్టెరాయిడ్లకు లొంగుతాయి. ఒకప్పుడు ఇదే పేరుతో పిలిచిన గడ్డల్లో కొన్ని, ఏఎల్‌కే జన్యువు మార్పుతో పుట్టే అసలైన కణితులని తర్వాత తేలింది.

బొగ్గు బాయిలో...
మందమర్రి లాంటి సింగరేణి ప్రాంతాల్లో దీన్ని పోలిన మరో జబ్బు గురించి తెలిసుండాలి. అది ప్రోగ్రెసివ్ మాసివ్ ఫైబ్రోసిస్. ఏళ్ల తరబడి పీల్చిన బొగ్గు ధూళిని మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు మింగుతాయి, అరిగించుకోలేక చనిపోతాయి. దాంతో పుట్టే వాపే మచ్చగా మారి, సాధారణంగా ఊపిరితిత్తుల పైభాగంలో సెంటీమీటరు దాటిన నల్లటి గడ్డలవుతుంది. రాతికి డ్రిల్లు వేసేటప్పుడు లేచే సిలికా మరింత ప్రమాదకరం. అది క్షయ ముప్పునూ పెంచుతుంది. పని మానేశాక కూడా జబ్బు ముదరవచ్చు.

ఏం చేయాలి?
ఎక్స్‌రే ఒక్కటే చూసి క్యాన్సరని భయపడొద్దు, కాదని వదిలేయొద్దు. తెమడ పరీక్ష, అవసరమైతే బయాప్సీ చేయించాలి. రిటైరైన కార్మికులు ఎన్నేళ్లు అండర్‌గ్రౌండ్‌లో పనిచేశారో డాక్టరుకు తప్పక చెప్పాలి.