లోయిర్ గట్టున ఏడు హెక్టార్లు

ఫ్రాన్స్‌లో ఆంజే పట్నం దాటి లోయిర్ నది ఉత్తరపు గట్టు వెంట నైరుతికి వెళ్తే సావెన్నియేర్ అనే ఊరు వస్తుంది. అక్కడ నదివైపు వాలిన గుట్ట మీద ఏడు హెక్టార్ల ద్రాక్షతోట ఉంది. మన లెక్కలో పదిహేడెకరాలు. పేరు కూలే ద సెరాన్. 1130లో సిస్టర్షియన్ సన్యాసులు ఇక్కడ తొలి తీగలు నాటారు. ఆ పేరుతో వైన్ అమ్ముకునే హక్కు చట్టప్రకారం ఈ ఒక్క తోటకే ఉంది.

ఇంత చరిత్ర ఉన్నా జోలీ కుటుంబానికి ఇది తాతల నాటి ఆస్తి కాదు. 1960ల తొలినాళ్లలో కొన్నారు. కొడుకు నికొలా న్యూయార్క్‌లో, లండన్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి, 1970ల చివర్లో అది వదిలేసి తోటకు వచ్చేశాడు. వచ్చినవాడు అందరిలాగే ఆధునిక సేద్యం మొదలుపెట్టాడు. మీ అమ్మగారు బాగానే చూసుకున్నారు గానీ అది పాతకాలపు పద్ధతి, కలుపుమందు కొడితే బోలెడు కూలి మిగులుతుందని వ్యవసాయ సలహాదారు ఒకాయన చెప్పాడట. కొట్టాడు. రెండేళ్లు తిరక్కుండానే మట్టి రంగు మారింది, పురుగూ పుట్రా కనిపించడం మానేశాయి, కౌజు పిట్టలు వెళ్లిపోయాయి. ఇది జోలీ స్వయంగా చెబుతూ వచ్చిన కథ. కాబట్టి ఆయన బాగుచేసుకున్నది ఎవరో పాడుపెట్టిన నేలను కాదు, తన చేత్తో చెడగొట్టుకున్న నేలనే. నాకు ఈ తోట ముచ్చటలో అన్నిటికన్నా నచ్చేది ఈ నిజాయితీ.

ఆ రోజుల్లోనే బయోడైనమిక్ సేద్యం మీద ఒక పుస్తకం చేతికొచ్చింది. కొంత మేర ప్రయత్నించి చూసి, 1984 నాటికి తోటంతా ఆ దారికి మళ్లించాడు. ఆ పద్ధతికి మూలం రుడాల్ఫ్ స్టైనర్ 1924లో, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న కోబర్‌విట్స్‌లో చేసిన ఎనిమిది ఉపన్యాసాలు. స్టైనర్ తత్త్వవేత్త, రైతు కాదు. ఆవు కొమ్ములో పేడ కూరి శరత్కాలంలో పాతిపెట్టి వసంతంలో తవ్వితీయాలి. హెక్టారుకు వంద గ్రాముల చొప్పున నీళ్లలో వేసి, సుడి తిరిగేలా కాసేపు ఇటు, కాసేపు అటు గంటసేపు చిలికి నేల మీద చల్లాలి. పనులకు చంద్రుడి నడక చూసుకోవాలి. ఇదంతా పారిస్ వాళ్లకు చోద్యం గానీ, కార్తె చూసి విత్తనం పెట్టే మన రైతుకు కాదు. అరకు గిరిజనులు నాంది ఫౌండేషన్ తోడుగా ఈ పద్ధతిలోనే కాఫీ పండిస్తున్నారు. ఆ కాఫీకి 2017లో పారిస్‌లోనే దుకాణం తెరిచారు.

కొమ్ముకు మహిమ ఉందా అంటే, సైన్స్ దగ్గర గట్టి రుజువు లేదు. నాకూ నమ్మకం లేదు. కలుపుమందు మానడం, వాలు మీద గుర్రంతో దున్నడం, సొంత ఎరువు వాడటం, రోజూ తోటలో తిరగడం... మట్టి మళ్లీ ప్రాణం పోసుకోవడానికి ఇవే చాలనిపిస్తుంది. పైగా ఈ పద్ధతిలోనూ ఒక ముల్లుంది. తీగకు బూజు తెగులు వస్తే మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమమే దిక్కు. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష రైతులకూ తెలిసిన మందే అది. అందులోని రాగి నేలలో పేరుకుపోతుంది. అందుకే ఐరోపా సమాఖ్య ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోలకు మించకూడదని హద్దు పెట్టింది.

ఇక్కడ పండేది షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష. కోత ఒక్కసారితో అవ్వదు. పండిన గుత్తుల్ని ఏరుకుంటూ కొన్ని వారాల్లో తోటంతా మళ్లీ మళ్లీ తిరుగుతారు. దిగుబడి తక్కువ. వైన్ ఏటా ఒకేలా ఉండదు, ఉండాలని జోలీ కోరుకోడు కూడా. దాని మీద విమర్శకులు రెండు వర్గాలు: కొందరికి మహత్తు, కొందరికి చేతకానితనం. ఇప్పుడు వైన్ తయారీ చూస్తున్నది కూతురు వర్జినీ. సీసా మూత ఒక రోజు ముందే తీసి ఉంచమని ఆ ఇంటివాళ్లు కొన్నవాళ్లకు చెబుతారు.