నాటిన కొవ్వు నిలిచేదెలా?

పుదుచ్చేరి: కాలిన గాయం మానినా మచ్చ గట్టిపడి చర్మాన్ని లాగుతూనే ఉంటుంది. అటువంటి మచ్చల కింద, ప్రమాదాలలో లోతుకుపోయిన చెంపలలో రోగి పొట్ట నుంచో, తొడ నుంచో తీసిన కొవ్వును నింపడం ప్లాస్టిక్ సర్జరీలో ఒక మార్గం. సొంత కణజాలమే గనుక శరీరం దానిని తిరస్కరించదు. అయితే నాటినదంతా బ్రతకదు.

ఈ చిక్కు పాతదే. 1893లో జర్మనీ వైద్యుడు గుస్తావ్ న్యూబర్ చేతి కొవ్వును ముఖానికి అమర్చి, చిన్న ముక్కలే నిలుస్తాయని గమనించారు. ఏడాదిలో దాదాపు సగం తరిగిపోతున్నదని 1950లో అమెరికా వైద్యుడు లిండన్ పీర్ తేల్చారు. నేటి అధ్యయనాలలోనూ నిలిచే వంతు నూటికి 20 నుంచి 80 వరకు మారుతున్నది.

కారణం రక్తప్రసారం లేకపోవడమే. కొత్త రక్తనాళాలు ఏర్పడేవరకు చుట్టుపక్కల నుంచి ఊరే ద్రవమే కొవ్వుకు ఆధారం. ముద్దగా నింపితే అంచులు బ్రతికి, నడిమి భాగం చనిపోయి నూనె తిత్తిగా మిగులుతుంది. జపాన్ పరిశోధకులు ఎలుకలపై జరిపిన పరీక్షలలో అంచు నుంచి 0.3 మిల్లీమీటర్ల లోపు కొవ్వు కణాలే నిలిచాయి.

అందువల్లనే 1990 దశకంలో న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ కోల్‌మన్ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. కొవ్వును సన్నని గొట్టంతో మెల్లగా తీసి, యంత్రంలో తిప్పి నెత్తురును, నూనెను వేరుచేసి, బొట్లుబొట్లుగా పలు పొరలలో ఎక్కిస్తారు. నారుకు నారుకు రైతు ఎడమిచ్చినట్లే ఇదీ. కొవ్వులో మూలకణాలున్నాయని 2001లో వెల్లడైనప్పటి నుంచి వాటిని అదనంగా కలిపే ప్రయోగాలు, రోగి రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని జోడించే ప్రయోగాలు సాగుతున్నాయి. ఫలితాలు మాత్రం ఒకే తీరుగా లేవు.

1823 నాటి ఫ్రెంచి వైద్య పాఠశాలకు వారసత్వమైన పుదుచ్చేరి జిప్‌మర్‌లో ప్లాస్టిక్ సర్జరీ వైద్యులు కాలిన గాయాలకు, మానని పుండ్లకు కొవ్వును, ప్లేట్‌లెట్ల ద్రవాన్ని వాడిన అనుభవాలను ప్రచురించారు. అవి చాలావరకు కొద్దిమంది రోగులకు సంబంధించినవే. పెద్ద అధ్యయనాలు జరగవలసి ఉన్నది.

ఇది సౌందర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. కొవ్వు కరిగిపోతే మళ్ళీ మత్తు, మళ్ళీ కోత తప్పవు. వందల కిలోమీటర్ల దూరంలోని యానాం నుంచి వచ్చే కూలీకి అది మరికొన్ని దినాల వేతన నష్టం, దారి ఖర్చు. ఒక్కమారు నాటినది నిలవడమే పేదవానికి అసలైన పొదుపు.