చివరి వరుసను చూసి క్లాసు నడపండి

ఊళ్లో ఎవరైనా ఏరోబిక్స్ క్లాసు పెడితే మొదటి రోజు గ్రౌండు నిండిపోతుంది. నెల తిరిగేసరికి ముందు వరుస మాత్రమే మిగులుతుంది. రానివాళ్లకు బద్ధకం అని మనం తేల్చేస్తాం. నిజానికి చాలామంది బద్ధకంతో మానరు. అడుగు అందక, మోకాలు పట్టేసి, నలుగురిలో నవ్వులపాలవుతామన్న బెరుకుతో మానేస్తారు. వాళ్లెవరో ఒకసారి గుర్తు చేసుకోండి. నలభై అయిదు దాటినవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లులు. వ్యాయామం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే ముందుగా వెళ్లిపోతున్నారన్నమాట.

మీరు బడిలో పీఈటీ కావచ్చు, యోగా నేర్చుకున్నవారు కావచ్చు, మహిళా సంఘంలో చురుగ్గా ఉండే సభ్యురాలు కావచ్చు. బయ్యారం లాంటి మండల కేంద్రంలో పది మందిని కూడగట్టి వ్యాయామం చేయించాలనుకుంటుంటే, పాటలు ఎంచుకోవడానికి ముందే ఆ చివరి వరుస గురించి ఆలోచించాలి.

అద్దానికి వీపు తిప్పించిన టీచర్

అమెరికా వైమానిక దళంలో వైద్యుడిగా పనిచేసిన కెన్నెత్ కూపర్ 1968లో ‘ఏరోబిక్స్’ పుస్తకం రాశాక ఆ మాట ప్రపంచమంతా పాకింది. మరుసటి ఏడాది, 1969లో, ఇల్లినాయిస్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్‌లో జూడీ షెపర్డ్ మిసెట్ అనే జాజ్ డ్యాన్స్ టీచర్‌కు ఇదే చిక్కు ఎదురైంది. క్లాసులో చేరిన తల్లులు కొద్ది రోజులకే మానేస్తున్నారు. ఎందుకని అడిగితే, తమకు స్టేజీ ఎక్కే ఆలోచన లేదనీ, ఒళ్లు చక్కబడితే చాలనీ చెప్పారు. ఆమె వాళ్లను అద్దం వైపు నుంచి తన వైపు తిప్పి నిలబెట్టింది. అడుగులు తేలిక చేసింది. తప్పులు ఎంచడం మానేసింది. ఆ క్లాసే తర్వాత ‘జాజర్‌సైజ్’ పేరుతో దేశదేశాలకు వెళ్లింది.

మన దగ్గర అద్దాల గదులు ఎలాగూ లేవు. అది లోటు కాదు. పైగా గుండ్రంగా నిలబడి, చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ తిరగడం మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బతుకమ్మ ఆటలో ముందు వరుస, వెనక వరుస ఉండవు. అడుగు తప్పినా పక్కమనిషిని చూసి కలిసిపోవచ్చు. కోలాటమూ అంతే. కొత్త క్లాసుకు మొదటి రెండు వారాలు ఇదే పద్ధతి పెట్టండి. అందరినీ గుండ్రంగా నిలబెట్టి, మీరు మధ్యలో ఉండి, ప్రతి పాటకూ ముఖం తిప్పే దిక్కు మార్చండి. జుంబా స్టెప్పులు తర్వాత చూసుకోవచ్చు.

పొలం పని కూడా లెక్కలోకే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ కావాలి. కాస్త గట్టి వ్యాయామమైతే 75 నుంచి 150 నిమిషాలు చాలు. వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామాలు ఉండాలి. 65 దాటినవాళ్లు పడిపోకుండా ఉండేందుకు తూకం నిలిపే వ్యాయామాలు మూడు రోజులైనా చేయాలి. ఈ లెక్కలో కూలి పని, ఇంటి పని కూడా కలుస్తాయి. చాలామంది ఫిట్‌నెస్ టీచర్లు మరిచిపోయేది దీన్నే.

బయ్యారం, గార్ల వైపు మిర్చి ఏరే రోజుల్లో పొద్దంతా నడుము వంచిన మహిళను సాయంత్రం క్లాసుకు పిలిచి మళ్లీ ముందుకు వంచితే ఆమెకు మేలు జరగదు. నడుము నొప్పి మాత్రం ఖాయం. పత్తి ఏరే రోజుల్లోనూ, నాట్ల సమయంలోనూ ఇదే మాట. ఆ నెలల్లో వాళ్లకు ఆయాసం తెప్పించే పని పెట్టకండి. ఛాతీ విప్పారేలా చేతులు వెనక్కి తీసుకోవడం, బోర్లా పడుకొని ఛాతీని కొద్దిగా పైకి లేపడం, గోడకు ఆనుకొని భుజాలు తిప్పడం, పిరుదుల కండరాలకు బలమిచ్చేలా వెల్లకిలా పడుకొని నడుము ఎత్తడం చాలు. పనిలో వంగిన వైపుకు కాకుండా ఎదురు వైపుకు చేయించండి.

అదే క్లాసుకు కిరాణా కొట్టు యజమాని, ఆటో డ్రైవర్, ఆఫీసు ఉద్యోగి వస్తే వాళ్ల సంగతి వేరు. రోజంతా కూర్చునేవాళ్లకు గుండె వేగం పెరగాలి, చెమట పట్టాలి. ఒకే పాటకు రెండు రకాల పని చెప్పగలిగితేనే మీరు ప్లాన్ వేసినట్టు. పోలీసు కానిస్టేబుల్ పరుగు పందేలకు సిద్ధమయ్యే కుర్రాళ్లు వస్తే వాళ్లకు వేరే సమయం ఇవ్వండి. వాళ్ల వేగం చూస్తే మిగతావాళ్లకు కాళ్లు కదలవు.

సమయం కూడా మీకు వీలైనది కాదు, వాళ్లకు వీలైనది పెట్టండి. పొద్దున్నే వంట, ఆ వెంటనే కూలి ఆటో. ఆరున్నరకు క్లాసు అంటే సగం మంది మొదటి రోజే పోతారు. ఎండాకాలంలో మాత్రం సూర్యుడు ఎక్కకముందో, పొద్దు గుంకాకో తప్ప వద్దు. క్లాసు లేని రోజున పెద్దచెరువు కట్ట మీద నడవమనండి. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువు అది. గాలికి, నడకకు అంతకన్నా మంచి చోటు ఇక్కడ ఏముంది?

ముందుగా నాలుగు ప్రశ్నలు

పేరు రాసుకునేటప్పుడే పక్కకు పిలిచి అడగండి. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, బిగుతు వస్తుందా? ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయారా? బీపీకి, షుగర్‌కు ఏ మాత్రలు వాడుతున్నారు? ఈ మధ్య ఆపరేషన్ గానీ, కాన్పు గానీ అయిందా? మొదటి రెండింటిలో దేనికి అవునన్నా డాక్టర్ చూశాకే క్లాసు. బీపీ 180/110 దాటి ఉంటే ఆ రోజు వ్యాయామం లేదు, ఆస్పత్రికి పంపాలి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు. ప్లాంక్ లాంటివి ఎక్కువసేపు పట్టి ఉంచకూడదు.

షుగర్ ఉన్నవాళ్ల గురించి మరికొంచెం చెప్పాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో ఎగిరితే షుగర్ పడిపోవచ్చు. చేతులు వణకడం, చల్లని చెమట, తికమకగా మాట్లాడడం దాని గుర్తులు. వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. మీ సంచిలో స్పీకర్‌తోపాటు చక్కెర పొట్లం కూడా ఎప్పుడూ ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లను వట్టి కాళ్లతో చేయనివ్వకండి. పాదాల్లో స్పర్శ తగ్గితే రాయి గుచ్చుకున్నా తెలియదు.

నలభై అయిదు నిమిషాల లోపల

మొదటి ఎనిమిది నిమిషాలు ఒళ్లు వేడెక్కడానికే. ఉన్నచోటే నడక, భుజాలు తిప్పడం, మడమలు ఎత్తడం. తర్వాత ఇరవై నిమిషాలు అసలు పని. దీన్ని ఒకే ఎత్తున సాగించకండి. చిన్న గుట్ట ఎక్కించి దింపండి, ఆపైన పెద్ద గుట్ట, మళ్లీ చిన్న గుట్ట. దిగినప్పుడు నిలబెట్టకుండా నడిపించండి. గట్టిగా కదిలి ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి తల తిరుగుతుంది. ఆపైన పది నిమిషాలు బలానికి. లీటరు నీళ్ల సీసా అంటే కిలో బరువు, డంబెల్స్ కొననక్కర్లేదు. చివరి ఏడు నిమిషాలు సాగదీయడం, ఊపిరి నెమ్మదించడం. టైం అయిపోయిందని చాలామంది కోసేసేది ఈ చివరి ముక్కనే. కోయాలంటే మధ్యలోది కోయండి.

ఎంత కష్టపడుతున్నారో తెలుసుకోవడానికి చేతి గడియారాలు అవసరం లేదు. మాట్లాడగలరు గానీ పాట పాడలేరు అన్న స్థితి మధ్యరకం శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకుంటున్నారంటే గట్టి శ్రమ. మొదటి నెల ఆ గీత దాటించవద్దు. ‘220లోంచి వయసు తీసేయండి’ అనే లెక్క ఉజ్జాయింపు మాత్రమే. అటెనోలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లలో గుండె వేగం పెరగనివ్వరు గనుక వాళ్లకు అది అసలే పనికిరాదు. మాట పరీక్షే నమ్మకం.

ఫోన్లో చూసి ‘టబాటా’ చేయించాలని ఉబలాటపడే టీచర్లు ఎక్కువయ్యారు. ఇరవై సెకన్లు ప్రాణం పెట్టి చేయడం, పది సెకన్లు ఆగడం. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా 1996లో ప్రచురించిన ఆ పరిశోధనలో పాల్గొన్నది వ్యాయామం అలవాటున్న యువకులు. చేసింది సైకిల్ యంత్రం మీద. మీ క్లాసులోని యాభై రెండేళ్ల పెద్దమ్మ కోసం తయారైంది కాదది.

పాట, అడుగు, గొంతు

పాట వేసి పావు నిమిషం పాటు దెబ్బలు లెక్కపెట్టండి. నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఎన్నో తెలుస్తుంది. మొదట్లో 120 దగ్గర ఉన్న పాట, అసలు పనికి 130 నుంచి 140, చివర్లో వందకు లోపు. తీన్మార్ మొదలైతే ఎవరూ ఆగరు. దాని బలమూ అదే, ప్రమాదమూ అదే. పెద్ద గుట్ట మీద ఒక్కసారి వాడుకొని దాచేయండి.

అడుగులు ఎనిమిదేసి లెక్కల్లో నేర్పండి. మొదటి ఎనిమిది వచ్చాక రెండో ఎనిమిది, తర్వాత రెండూ కలిపి. నాలుగు ఎనిమిదులు కలిసేసరికి ఒక పూర్తి వరస అవుతుంది. రోజుకు అలాంటివి రెండు చాలు. అడుగు మారేది ముందే చెప్పాలి. ‘నాలుగు, మూడు, రెండు, కుడికి’ అనండి, చేత్తో కూడా చూపించండి. మీరు ఎదురుగా నిలబడితే వాళ్ల కుడి మీకు ఎడమ. ఇది ఒంటికి పట్టడానికి ఇంట్లో వారం సాధన కావాలి. స్పీకర్‌తో పోటీపడి అరిచే టీచర్లకు కొద్ది రోజుల్లోనే గొంతు బొంగురుపోతుంది. పాట తగ్గించండి.

ప్రతి కదలికకూ మూడు రూపాలు సిద్ధంగా ఉంచుకోండి. కుర్చీ పట్టుకొని చేసేది, నిలబడి చేసేది, గెంతి చేసేది. ముందుగా తేలికది చూపించండి, కష్టమైంది తర్వాత. కష్టమైంది ముందు చూపిస్తే తేలికది చేసేవాళ్లు తక్కువైపోయినట్టు బాధపడతారు. ‘పెద్దమ్మా, కుర్చీ పట్టుకొని చెయ్యి, మోకాలు హాయిగా ఉంటది’ అంటే సరిపోతుంది. ‘చేతకాకపోతే కుర్చీ పట్టుకో’ అంటే ఆమె రేపు రాదు.

ఎవరూ చెప్పని కారణం

కాన్పులయిన చాలామంది ఆడవాళ్లకు గెంతినప్పుడు, దగ్గినప్పుడు మూత్రం చుక్కలు పడుతుంటుంది. క్లాసులో ఒక్కసారి అలా జరిగితే మళ్లీ రారు. ఎందుకు రాలేదంటే ఇంట్లో పని ఉందంటారు. అందుకే గెంతుళ్లు తప్పనిసరి అని ఎప్పుడూ అనకండి. క్లాసుకు ముందు అందరూ మరుగుదొడ్డికి వెళ్లొచ్చేలా ఐదు నిమిషాలివ్వండి. మూత్రం ఆపుకునే కండరాలను ఐదు సెకన్లు బిగించి వదలడం, పదిసార్లు, రోజుకు మూడు విడతలు, ఇంటి దగ్గర చేసుకోమనండి. ఇది వయసుతో వచ్చే తలరాత కాదు. కొన్ని నెలల సాధనతో చాలామందికి తగ్గుతుంది, తగ్గకపోతే గైనకాలజిస్టు చూస్తారు. ఈ మాట మహిళా టీచరే, ఆడవాళ్లు మాత్రమే ఉన్నప్పుడు చెప్పాలి.

చీరతో వచ్చేవాళ్లను డ్రెస్సు వేసుకు రమ్మని ఒత్తిడి చేయకండి. కుచ్చిళ్లు కొంచెం ఎత్తి దోపుకుంటే పక్కకు అడుగులు, మడమలు ఎత్తడం, చేతుల పని అన్నీ వస్తాయి. కాళ్లు బారజాపేవి తీసేయండి. సిమెంటు నేల కన్నా మట్టి నేల మోకాళ్లకు మంచిది. మరొక కట్టుబాటు మొదటి రోజే చెప్పాలి. క్లాసు జరుగుతుంటే ఎవరూ సెల్‌ఫోన్లో వీడియో తీయకూడదు, టీచర్ కూడా.

ఎవరైనా కుప్పకూలితే

ఇలా జరిగే అవకాశం తక్కువే, అయినా సిద్ధంగా ఉండాలి. పిలిస్తే పలకకుండా, ఊపిరి లేకుండా ఉంటే ఒకరిని 108కి ఫోన్ చేయమని చెప్పి మీరు సీపీఆర్ మొదలుపెట్టండి. ఛాతీ మధ్యన రెండు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు సెంటీమీటర్ల లోతు అదిమి, పూర్తిగా వదలాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. మీ మొదటి పాట వేగం దాదాపు అదే గనుక చేతులకు గుర్తుంటుంది. క్లాసు పెట్టేముందే దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రి సిబ్బందిని అడిగి ఒకసారి చేసి చూడండి.

హాజరు పట్టీ పెట్టుకోండి. ఎవరెంత చేశారని కాకుండా ఎవరు రాలేదని చూడడానికే. వరుసగా రెండు క్లాసులు రాకపోతే మూడో రోజు ఫోన్ చేసి, ‘అక్కా, ఒళ్లు బాగున్నదా’ అని అడగండి. మోకాలని చెబితే కుర్చీ వేసి ఉంచుతాననండి. మిర్చి పని ఉందంటే పని అయ్యాకే రమ్మనండి, ఆమె చోటు ఇంకొకరికి ఇవ్వకండి.