కుల్ఫీ బండి నేర్పే సైన్సు పాఠం



కార్ఖానా వీధుల్లో మట్కా కుల్ఫీ బండి గంట వినిపిస్తే పిల్లలు ఆగరు. ఈసారి కుల్ఫీ కొనిచ్చేటప్పుడు వాళ్లను ఒక ప్రశ్న అడగండి: "బండికి కరెంటు లేదు, ఇంజిను లేదు. మరి కుల్ఫీ ఎందుకు కరగలేదు?"

జవాబు కుండలోనే ఉంది. మామూలు ఐసు 0 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దానికి ఉప్పు కలిపితే ఇంకా తక్కువ ఉష్ణోగ్రతలోనే, దాదాపు మైనస్ 21 డిగ్రీల దాకా, కరుగుతుంది. కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. అంటే చల్లదనాన్ని ముందే తయారుచేసి, మూటగట్టి, వెంట తీసుకెళ్లవచ్చన్నమాట.

ఇది మనకెందుకు?

మన పిల్లలు తాగే పాలు, తినే కూరగాయలు, చేపలు ఎండలో ఎంతో దూరం ప్రయాణించి వస్తాయి. మనకు దగ్గరలోని బోయిన్‌పల్లి మార్కెట్లో రోజూ సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో కరెంటు తయారుచేస్తున్నారు. మంచి పనే. కానీ వాటిలో వేడికి వాడిపోయినవి మన పళ్లెంలోకి వచ్చి ఉంటే ఇంకా మంచిది కదా! దేశానికి సుమారు 62 వేల శీతల వాహనాలు అవసరమైతే, ఉన్నవి 10 వేల లోపేనని 2015లో జాతీయ కోల్డ్ చైన్ అభివృద్ధి కేంద్రం అధ్యయనం తేల్చింది.

వాహనాలు పెంచితే చాలదా? పెద్ద శీతల లారీల్లో చల్లదనం కోసమే విడిగా డీజిల్ ఇంజిను ఉంటుంది. లారీ ఆగినా అది పొగ వదులుతూనే ఉంటుంది. వాటిలో ఎక్కువగా వాడే ఆర్-404ఎ అనే వాయువు లీకైతే, భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 3,900 రెట్లు వేడెక్కిస్తుంది. 2016 కిగాలీ ఒప్పందం ప్రకారం ఇలాంటి వాయువులను మన దేశం 2032 నుంచి తగ్గిస్తూ, 2047 నాటికి 85 శాతం మేర తగ్గించాలి.

శుభ్రమైన దారులు

మొదటిది, కుల్ఫీ కుండ సూత్రమే. వ్యాను గోడల్లో ఉప్పు ద్రావణం నింపిన పలకలుంటాయి. రాత్రి కరెంటుతో వాటిని గడ్డకట్టిస్తే, పగలంతా సరుకును చల్లగా ఉంచుతాయి. పలకలు బరువు, రోజూ మళ్లీ గడ్డకట్టించాలి. అందుకే ఇవి ఊళ్లో తిరిగే ఐస్‌క్రీమ్, పాల వ్యాన్లకు బాగా సరిపోతాయి.

రెండోది, వేడిని లోపలికి రానివ్వకపోవడం. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే 2020 మార్చిలో రేణిగుంట నుంచి ఢిల్లీకి 'దూద్ దురంతో' రైలు మొదలుపెట్టింది. ఒక్కో ట్యాంకరులో సుమారు 40 వేల లీటర్ల పాలు దాదాపు 2,300 కిలోమీటర్లు వెళతాయి. ముందే చల్లబరిచిన పాలను వేడి చొరబడని ట్యాంకరులో నింపుతారు. గ్లాసెడు నీళ్లు త్వరగా వేడెక్కుతాయి, బిందెడు నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి. ఇక్కడ కూడా అంతే.

ఇంట్లో చేసి చూడండి

రెండు స్టీలు గ్లాసుల్లో ఐసు ముక్కలు వేయండి. ఒకదానిలో నాలుగు చెంచాల ఉప్పు కలపండి. కాసేపాగి ఏ గ్లాసు బయట తెల్లటి మంచు పడుతుందో పిల్లలనే చెప్పమనండి. ఉప్పు కలిపిన ఐసును వట్టి చేత్తో పట్టుకోనివ్వకండి, చర్మానికి దెబ్బ తగులుతుంది.

ఇక సూపర్ మార్కెట్‌కు వెళ్లినప్పుడు పాలు, పెరుగు, ఐస్‌క్రీమ్ చివర్లో తీసుకుని, మందపాటి సంచిలో నేరుగా ఇంటికి తెచ్చుకోండి. వందల కిలోమీటర్లు కాపాడుకుంటూ వచ్చిన చల్లదనాన్ని చివరి కిలోమీటరులో పోగొట్టుకోవద్దు.