చేపల వేటకు హద్దులు

భద్రాచలము వద్ద గోదావరి విశాలముగా పారును. అడవులలో పుట్టిన కిన్నెరసాని వంటి ఉపనదులు దానిలో కలియును. ఈ నీళ్లలో బొచ్చె, శీలావతి, కొరమేను మొదలగు చేపలు దొరకును. జాలరులకు అవి జీవనాధారము. గాలము వేయువారికి వినోదము. అవి ఎవరి సొత్తును కావు గదా, ఎన్నింటిని పట్టిననేమి అని కొందరనుకొందురు.

బొచ్చె, శీలావతి వానకాలపు వరదలలో గ్రుడ్లు పెట్టును. కొరమేను జంట నీటిపై గుంపుగా తేలు తన ఎర్రని పిల్లలను కావలి కాయును. అప్పుడు పెద్దచేపను పట్టినచో పిల్లలు ఇతర జీవుల పాలగును. పోయినది ఒక చేప కాదు, ఒక సంతతి.

అందుచేతనే వేటకు నియమములు ఏర్పడినవి. డైనమైటు పేల్చియు, విషము గాని సున్నము గాని కలిపియు చేపలను చంపుట నేరమని 1897వ సంవత్సరపు భారత మత్స్య చట్టము నిర్ణయించినది. ఇట్టి వేటలో పెద్దవియు పిల్లలును ఒక్కమారే నశించును. వల కన్నులు పెద్దవైనచో పిల్లచేపలు తప్పించుకొని పెరుగును. కిన్నెరసాని జలాశయము అభయారణ్యములో నున్నందున అచట అనుమతి లేక వేటాడరాదు.

సముద్రమునందును ఇట్టి కట్టుబాటు కలదు. ఆంధ్ర తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యాంత్రిక పడవల వేట ఆపుదురు. అమెరికా వంటి దేశములలో వినోదమునకై గాలము వేయువారు సైతము దినమునకు ఇన్ని చేపలకు మించి పట్టరాదు. నిర్ణీతమైన పొడవు లేనివానిని తిరిగి నీటిలో విడువవలెను.

బాలలారా! నేడు విడిచిన పిల్లచేప రేపు జాలరి ఇంట అన్నమగును. ఈ నియమములు నదికే కాదు, నదిని నమ్ముకొన్నవారికిని రక్ష.