కరెంటు పోకముందే పేర్లు రాసుకోవాలి: 2021 టెక్సాస్ చలి తుఫాను నేర్పిన పాఠాలు

డాలస్, హ్యూస్టన్ పేర్లు ఇప్పుడు మన ఇళ్ళలో పక్క ఊరి పేర్లలాగే వినిపిస్తున్నాయి. హైదరాబాద్, గుంటూరు, కడప, కర్నూలు నుంచి వెళ్ళిన పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. మనవళ్ళను చూసుకోవడానికి అమ్మీ, అబ్బా కూడా విజిటర్ వీసా మీద వెళ్ళి నెలల తరబడి ఉండి వస్తున్నారు. టెక్సాస్ వేడి రాష్ట్రం కాబట్టి చలి గురించి భయం లేదని చాలామంది అనుకుంటారు. 2021 ఫిబ్రవరిలో ఆ ధీమా పోయింది.

ఆ నెల 16న డాలస్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయింది. హ్యూస్టన్‌లో మైనస్ 10 దాకా వెళ్ళింది. 45 లక్షలకు పైగా ఇళ్ళు, దుకాణాలకు కరెంటు పోయింది. దాదాపు 1.4 కోట్ల మందికి నల్లా నీళ్ళు కాచుకునే తాగాలని హెచ్చరిక వచ్చింది. 246 మంది చనిపోయారని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ తర్వాత లెక్క తేల్చింది. వాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ప్రాణం తీసింది చలే. అమెరికాలాంటి దేశంలో, సొంత ఇళ్ళలోనే మనుషులు చలికి చనిపోవడం ఎలా జరిగింది? మళ్ళీ వస్తే మన కుటుంబాలు, మన మసీదులు ఏం చేయాలి?

గ్రిడ్ ఎందుకు పడిపోయింది?

టెక్సాస్‌కు దాదాపుగా సొంత కరెంటు గ్రిడ్ ఉంది. దాన్ని ఎర్కాట్ అనే సంస్థ నడుపుతుంది. రాష్ట్రం వాడే కరెంటులో సుమారు 90 శాతం దీని మీదుగానే వెళ్తుంది. కేంద్ర ప్రభుత్వ నియంత్రణ తమ మీద ఉండకూడదని పక్క రాష్ట్రాల గ్రిడ్లతో పెద్దగా కలపలేదు. మామూలు రోజుల్లో ఇబ్బంది తెలియదు. కానీ కొరత వచ్చిన రోజు బయటి నుంచి తెచ్చుకునే దారి చాలా ఇరుకు.

ఫిబ్రవరి 15 తెల్లవారుజామున 1:20కి ఎర్కాట్ కోతలు మొదలుపెట్టింది. అప్పటికే ఒకదాని తర్వాత ఒకటి విద్యుత్ ప్లాంట్లు ఆగిపోతున్నాయి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. అది 59.4 కంటే కిందికి పడి 4 నిమిషాల 23 సెకన్లు అక్కడే ఉంది. 9 నిమిషాలు దాటి ఉంటే మిగిలిన ప్లాంట్లు కూడా వాటంతట అవే ఆగిపోయేవి. అప్పుడు రాష్ట్రం మొత్తం వారాల తరబడి చీకట్లో ఉండాల్సి వచ్చేది.

గాలిమరలు ఆగిపోవడం వల్లే ఇదంతా జరిగిందని అప్పట్లో చాలా ప్రచారం నడిచింది. కేంద్ర విచారణ నివేదిక చూస్తే ఆగిపోయిన లేదా ఉత్పత్తి తగ్గిన 1,045 యూనిట్లలో 58 శాతం సహజ వాయువుతో నడిచేవి. పరికరాలు గడ్డకట్టడం ఒక కారణం, గ్యాస్ అందకపోవడం ఇంకో కారణం. గ్యాస్ తీసి పంపే కేంద్రాలకు కూడా కరెంటు కావాలి. వాటిలో చాలా వాటిని అత్యవసర జాబితాలో చేర్చలేదు. కోత వాటి మీద కూడా పడింది. కరెంటు లేక గ్యాస్ ఆగింది, గ్యాస్ లేక కరెంటు ఆగింది.

వంతులవారీ కోతలని చెప్పినా చాలా చోట్ల వంతు తిరగలేదు. ఆసుపత్రులు ఉన్న లైన్లను వదిలేయాలి కాబట్టి మిగిలిన లైన్ల మీదే భారమంతా పడింది. కోతలు దాదాపు 70 గంటలు నడిచాయి. ఒక వీధిలో లైట్లు వెలుగుతుంటే పక్క వీధి రెండు మూడు రోజులు చీకట్లో ఉంది. అక్కడి ఇళ్ళు వేడిని తట్టుకునేలా కట్టినవి. సగానికి పైగా ఇళ్ళలో హీటర్ కరెంటు మీదే నడుస్తుంది. నీటి పైపులు చాలా చోట్ల అటక మీదుగా, బయటి గోడల్లోంచి వెళ్తాయి. లోపల నీరు గడ్డకట్టి పైపులు పగిలాయి.

ఇది ఎవరూ ఊహించనిది కూడా కాదు. 2011 ఫిబ్రవరిలో ఇలాగే జరిగింది. ప్లాంట్లను చలికి సిద్ధం చేయండని అప్పుడే సిఫార్సులు వచ్చాయి, కానీ తప్పనిసరి చేయలేదు. వేరే గ్రిడ్‌లో ఉన్న ఎల్ పాసో నగరం మాత్రం 2011 తర్వాత తన ప్లాంట్లను సిద్ధం చేసుకుంది. 2021లో అక్కడ పెద్ద కోతలు లేవు. ముందు జాగ్రత్తకు ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

కుంపటి అలవాటు ప్రాణం తీస్తుంది

తుఫానులు మనవాళ్ళకు కొత్త కాదు. కానీ మనకు తెలిసిన తుఫాను గాలి, వాన. గడ్డకట్టే చలి వేరు. చలికాలం గదిలో అంగీఠీ పెట్టుకోవడం మన పెద్దవాళ్ళకు అలవాటు. కిటికీల సందుల్లోంచి గాలి ఆడే పాత ఇళ్ళలోనే అది ప్రమాదం. బిగుతుగా మూసి ఉండే అమెరికా ఇళ్ళలో అయితే అది నేరుగా మృత్యువే.

బొగ్గులు, గ్రిల్, జనరేటర్, కారు ఇంజిన్ అన్నీ కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. తలనొప్పి, వికారం, మగతతో మొదలవుతుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు అదీ తెలియదు. 2021లో వేడి కోసం గరాజ్‌లో కారు నడిపినవాళ్ళు, ఇంట్లో గ్రిల్ వెలిగించినవాళ్ళు ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. కాబట్టి:

- బొగ్గులు, గ్రిల్ ఎట్టి పరిస్థితిలోనూ ఇంట్లోకి తేవద్దు. గది వేడెక్కాలని గ్యాస్ ఓవెన్ వెలిగించి ఉంచొద్దు.
- జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకు దూరంగా ఉండాలి.
- గరాజ్ తలుపు తెరిచి ఉన్నా సరే, లోపల కారు నడపొద్దు.
- బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి ఇంట్లో ఉండాలి.

రాత్రి పడుకునే ముందు ఇంట్లో నిప్పు ఆర్పేయాలని ప్రవక్త (స) చెప్పిన మాట హదీసు గ్రంథాల్లో ఉంది. మదీనాలో ఒక ఇల్లు రాత్రిపూట కాలిపోయిన సందర్భంలో ఆ మాట వచ్చింది. అమ్మీ, అబ్బా అంగీఠీ కావాలని పట్టుబడితే ఈ సున్నత్ గుర్తు చేయొచ్చు.

ఇంట్లో ఏం ఉండాలి?

మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు 4 లీటర్ల నీళ్ళు, కనీసం మూడు రోజులకు సరిపడా ఉండాలి. వజూకి, బాత్రూమ్‌కి బకెట్లు, టబ్ ముందే నింపుకోవాలి. వండకుండా తినగలిగేవి ఉంచుకోవాలి: ఖర్జూరాలు, అటుకులు, బిస్కెట్లు, బ్రెడ్, పల్లీలు. పసిపిల్లలుంటే పాలపొడి, డైపర్లు. ఫ్రిజ్ తలుపు తెరవకపోతే లోపలి ఆహారం 4 గంటలు బాగుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు తట్టుకుంటుంది. నీళ్ళు కాచుకోమని హెచ్చరిక వస్తే, బాగా మరగడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం కాగనివ్వాలి.

ఇన్సులిన్ వాడేవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఇల్లే ఫ్రిజ్‌లా మారినప్పుడు దాన్ని బట్టల్లో చుట్టి, ఒంటికి దగ్గరగా ఉంచుకోవడం మేలు.

అందరూ ఒకే గదిలో చేరండి. తలుపు కింద సందుల్లో తువ్వాళ్ళు పెట్టండి. రజాయిలు కప్పుకోండి, ఒకదాని మీద ఒకటి బట్టలు వేసుకోండి. పెద్దవాళ్ళ మాట తడబడుతున్నా, అయోమయంగా ఉన్నా, వణుకు ఆగిపోయి మగతగా ఉన్నా నిద్ర వస్తోందని వదిలేయొద్దు. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే అది ఎమర్జెన్సీ. 911కి ఫోన్ చేయాలి.

నీళ్ళ మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మామూలుగా నల్లా సన్నగా కారుతూ ఉంచితే పైపు గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. కానీ 2021లో ప్రెషర్ పడిపోయి, అలా వదలొద్దని హ్యూస్టన్ నగరం కోరింది. అలాంటప్పుడు వాల్వ్ మూసి, పైపుల్లో నీళ్ళు ఖాళీ చేయడమే దారి.

మసీదు చేయగలిగింది

ఆ వారంలో టెక్సాస్‌లో చర్చిలు, గురుద్వారాలు, పెద్ద దుకాణాలతో పాటు మసీదులు కూడా అన్ని మతాలవాళ్ళకూ తలుపులు తెరిచాయి. కోవిడ్ రోజులు కావడంతో మాస్కులు, దూరం పాటిస్తూ నడిపించారు. పెద్ద హాలు, కార్పెట్, వంటగది, బిర్యానీ దేగ్‌లు మసీదులో ఎలాగూ ఉంటాయి. కానీ మసీదుకు కూడా కరెంటు అదే గ్రిడ్ నుంచి వస్తుంది. అక్కడి పైపులూ పగులుతాయి. జనరేటర్ ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంది, వాల్వ్ ఎవరికి తెలుసు అనే ప్రశ్నలకు తుఫాను రాత్రి జవాబు వెతికితే కుదరదు.

అన్నిటికంటే ముఖ్యం పేర్ల జాబితా. మసీదుకు రాగలిగినవాళ్ళు ఎలాగో బయటపడతారు. ఇబ్బంది రాలేనివాళ్ళకే: ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళు, ఆక్సిజన్ మెషిన్ మీద ఉన్నవాళ్ళు, నిన్నగాక మొన్న ప్రసవమైన తల్లి, కారు లేని కొత్త విద్యార్థి, భర్త వేరే ఊళ్ళో ఉన్న ఇల్లాలు. టెక్సాస్‌లో చనిపోయినవాళ్ళలో పెద్ద వయసువాళ్ళు ఎక్కువ. వాళ్ళకు బియ్యం, నీళ్ళ కంటే ముందు కావాల్సింది తలుపు తట్టే మనిషి.

పద్ధతి కష్టమేం కాదు. నవంబర్‌లో ఒక జుమా తర్వాత ఫారం పంచాలి. అపార్ట్‌మెంట్‌లవారీగా ఐదారు ఇళ్ళకు ఒకరు బాధ్యత తీసుకోవాలి. ఆడవాళ్ళ దగ్గరికి ఆడవాళ్ళే వెళ్ళేలా ఖాలాలు, బాజీలు తమ జాబితా విడిగా పెట్టుకోవాలి. ఫోన్లు పనిచేయవు కాబట్టి కాగితం మీద ప్రింట్ ఉండాలి. పక్కింటివారు ముస్లిం కాకపోయినా పొరుగువారి హక్కు హక్కే, వాళ్ళ పేరూ అందులో ఉండాలి.

ఆక్సిజన్ లాంటి మెషిన్ల మీద ఉన్నవాళ్ళు డాక్టర్ సంతకంతో కరెంటు కంపెనీ దగ్గర క్రిటికల్ కేర్ కస్టమర్‌గా నమోదు కావచ్చు. అంతమాత్రాన కరెంటు పోదని హామీ లేదు, బ్యాటరీ ఏర్పాటు ఉండాల్సిందే. వెచ్చటి కేంద్రాలు ఎక్కడున్నాయో 211 నంబర్‌లో చెప్తారు.

నమాజ్ విషయానికొస్తే, గడ్డకట్టిన రోడ్ల మీద మసీదుకు రావాలని ఎవరూ మొండికి పోనక్కర్లేదు. చలిగాలి, వాన ఉన్న రాత్రుల్లో ఎవరి చోట వాళ్ళు నమాజ్ చదువుకోమని అజాన్‌తో పాటు ప్రకటించిన విషయం హదీసుల్లో ఉంది. నీళ్ళు లేకపోయినా, వాడితే ప్రాణానికి ముప్పున్నా తయమ్ముమ్ సౌకర్యం ఉంది. వివరాలు మీ ఆలిమ్‌ని ముందే అడిగి ఉంచుకోండి.

డబ్బు సంగతి

2021లో హోల్‌సేల్ కరెంటు ధర యూనిట్‌కు 9 డాలర్ల గరిష్ఠానికి చేరి రోజుల తరబడి అక్కడే ఉంది. మామూలుగా ఇళ్ళవాళ్ళు కట్టేది యూనిట్‌కు 12 సెంట్ల చుట్టుపక్కల. మార్కెట్ ధరతో మారే ప్లాన్ తీసుకున్నవాళ్ళకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. అదే ఏడాది అలాంటి ప్లాన్లను ఇళ్ళకు అమ్మకుండా చట్టం చేశారు. ప్లాంట్లను చలికి సిద్ధం చేయాలని ఇంకో చట్టం తెచ్చారు. అయినా కాంట్రాక్టులో రేటు ఫిక్స్‌డా కాదా అని చూసుకోవాలి.

అద్దె ఇంట్లో పైపు పగిలితే యజమాని బీమా గోడలకే వర్తిస్తుంది. మీ లాప్‌టాప్, పరుపులు, బట్టలు అందులో రావు. వాటికి రెంటర్స్ ఇన్సూరెన్స్ వేరుగా ఉండాలి. నష్టం జరిగితే ముందు నీళ్ళు ఆపి, ఫొటోలు తీసి, రసీదులు దాచాలి.

అమెరికా విపత్తు సంస్థ ఫెమా ఇచ్చే నగదు సాయం పౌరులకు, గ్రీన్ కార్డు లాంటి అర్హత ఉన్నవాళ్ళకే. హెచ్1బీ, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకు నేరుగా రాదు. అయితే ఇంట్లో అమెరికా పౌరసత్వం ఉన్న పిల్లలుంటే వాళ్ళ తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేయొచ్చు. షెల్టర్, భోజనం, నీళ్ళు లాంటి తక్షణ సాయానికి వీసా అడ్డు కాదు. భయపడి దూరంగా ఉండొద్దు. ఈ సాయం అందని ఇళ్ళకే మసీదు సదకా ఫండ్ ముందు చేరాలి.

ఇక్కడున్నవాళ్ళ పని

తుఫాను వార్త టీవీలో రాగానే ఇక్కడి నుంచి పదిమంది పదిసార్లు ఫోన్ చేస్తారు. అక్కడ ఛార్జింగ్ పెట్టుకునే దారి ఉండదు. ప్రతి ఫోన్‌కూ బ్యాటరీ తరుగుతుంది. దీనికి బదులు ఇక్కడ కుటుంబంలో ఒకరిని ఖరారు చేసుకోండి. అక్కడివాళ్ళు రోజుకు రెండుసార్లు, వేళ చెప్పుకుని, ఆ ఒక్కరికే మెసేజ్ పెట్టాలి. చలికాలంలో డాలస్‌కూ మనకూ పదకొండున్నర గంటల తేడా ఉంటుంది. అక్కడ రాత్రి 8 అయితే ఇక్కడ మర్నాడు ఉదయం 7:30. చెప్పిన వేళకు మెసేజ్ రాకపోతే ఇక్కడివాళ్ళు ఎవరికి ఫోన్ చేయాలి? మసీదు కమిటీలో ఒకరి నంబర్, అదే బిల్డింగ్‌లో ఒక పొరుగింటి నంబర్ ముందే తీసుకుని ఉంచుకోవాలి. ఈ వారం పిల్లలతో మాట్లాడేటప్పుడు ఆ రెండు నంబర్లు అడిగి, డైరీలో రాసి పెట్టుకోండి.